ఆ కత్తిని కదపకండి

ఇంట్లో ఎవరైనా అనుమానాస్పదంగా చనిపోతే మన ఊళ్లో పెద్దలు ముందుగా చెప్పే మాట ఒకటే. "ఎవరూ ఏదీ ముట్టుకోకండి, పంచనామా అయ్యేదాకా ఆగండి." ఎందుకని ఎవరూ అడగరు. మంచం పక్కన గ్లాసు ఎక్కడుంది, తలుపు గడియ ఎటు తిరిగి ఉంది, చెప్పులు ఏ మూల పడి ఉన్నాయి, అన్నీ సాక్ష్యాలే. ఒక్కటి పక్కకు జరిపినా కేసు తారుమారవుతుంది.

నేల కిందా అలాంటి సాక్ష్యమే ఉంది. రెండు వేల ఏళ్ల నాటి రోమన్ సైనికుల కత్తులు, డాళ్లు, శిరస్త్రాణాలు, చెప్పుల మేకులు యూరప్ పొలాల్లో, అడవుల్లో, పశ్చిమాసియా ఇసుకలో పడి ఉన్నాయి. ఇప్పుడు వాటిని పంచనామా లేకుండానే పైకి లాగేస్తున్నారు. మెటల్ డిటెక్టర్ మోగిన చోట గుంత తవ్వుతున్నారు. తుప్పు గీకుతున్నారు. ఫొటో తీసి ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెడుతున్నారు. కొనేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. లండన్‌లో, ఫ్రాంక్‌ఫర్ట్‌లో, న్యూజెర్సీలో స్థిరపడిన మన పిల్లలూ వాళ్లలో ఉండొచ్చు. హైదరాబాద్‌లో కూర్చుని ఫోన్‌లోనే బేరమాడే చరిత్రాభిమానులూ ఉండొచ్చు. వాళ్ల ఉద్దేశం చెడ్డది కాదని నాకు తెలుసు. చరిత్ర మీద ప్రేమతోనే కొంటారు. ఆ ప్రేమే చరిత్రకు చేటు చేయకూడదని ఈ మాటలు రాస్తున్నాను.

పోయేది ఏమిటో ముందు చూడండి.

రోమన్లు తమ ఆయుధాలను తామే కనిపెట్టి లోకాన్ని గెలిచారని సినిమాలు చూసి నమ్ముతాం. తవ్వకాలు వేరే సంగతి చెప్పాయి. పేరుమోసిన పొట్టి కత్తి గ్లాడియస్‌ను వాళ్లు స్పెయిన్ యోధుల దగ్గర నేర్చుకున్నారు. గొలుసు కవచం కెల్టుల నుంచి తీసుకున్నారు. డేసియన్ల కొడవలి కత్తి తలలు చీలుస్తుంటే శిరస్త్రాణం మీద అడ్డపట్టీలు బిగించుకున్నారు, కత్తి పట్టే చేతికి లోహపు తొడుగు వేసుకున్నారు. రుమేనియాలోని ఆడమ్‌క్లిసి స్మారకం మీద ఆ తొడుగు ఈనాటికీ కనిపిస్తుంది. గాలికి బుసకొట్టే డ్రాగన్ ధ్వజం డేసియన్లు, సర్మేషియన్ల నుంచి వచ్చింది. శత్రువు చేతిలో దెబ్బ తిన్న ప్రతిసారీ రోమన్ సైన్యం కొత్త పాఠం నేర్చుకుంది.

పొరుగువాళ్లూ ఊరుకోలేదు. రోమన్ కత్తులంటే ఉత్తరాది జర్మానిక్ తెగలకు ఎంత మోజో రోమన్ చట్టమే చెబుతుంది. ఇనుము, ధాన్యం, ఉప్పు, చివరికి ఆయుధాలకు పదును పెట్టే సానరాయి శత్రువుకు అమ్మినా తల పోతుందని ఆ చట్టంలో రాసి ఉంది. సానరాయిని కూడా నిషేధించారంటే భయం ఎంతో అర్థం చేసుకోండి. అయినా కత్తులు సరిహద్దు దాటాయి. వాటి ఆచూకీ డెన్మార్క్ బురదలో దొరికింది.

డెన్మార్క్‌లోని ఇల్లెరప్ లోయలో ఒకప్పుడు సరస్సు ఉండేది. క్రీస్తు శకం 200 ప్రాంతంలో అక్కడివాళ్లు తాము ఓడించిన సైన్యం ఆయుధాలన్నీ తెచ్చి, కత్తులను వంచి, డాళ్లను చీల్చి, ఆ సరస్సులో దేవుళ్లకు అర్పించారు. 1950 నుంచి 1956 వరకు, మళ్లీ 1975 నుంచి 1985 వరకు అక్కడ తవ్వితే 15,000 దాకా వస్తువులు బయటపడ్డాయి. కత్తులు చాలావరకు రోమన్ కార్ఖానాలవి, కొన్నింటి మీద ముద్రలు కూడా ఉన్నాయి. అంతవరకే చూస్తే ఓడిపోయింది రోమన్లని అనుకునేవాళ్లం.

కానీ కత్తుల పక్కనే దువ్వెనలు దొరికాయి. జింక జాతి జంతువుల కొమ్ముతో చేసిన మామూలు దువ్వెనలు. నిప్పు రాజేసుకునే రాళ్లూ దొరికాయి. అవి నార్వే, స్వీడన్ వైపు మనుషులు నడుముకు కట్టుకు తిరిగే సామాను. అంటే ఆయుధం రోమ్‌ది, పట్టిన చెయ్యి స్కాండినేవియాది, ఓడిన చోటు డెన్మార్క్. డాళ్ల లెక్క మరో సంగతి బయటపెట్టింది. వెండి బిగింపులవి గుప్పెడు, కంచువి కొన్ని పదులు, ఇనుపవి వందలు. అధిపతి, నాయకుడు, బంటు అనే మెట్లు అందులో స్పష్టంగా కనిపించాయి. ఆ తెగలు ఆయుధాలతో సరిపెట్టుకోలేదు, దండును పద్ధతిగా కట్టడం కూడా అలవరచుకున్నాయి.

ఇప్పుడు ఆలోచించండి. ఆ లోయకు పురావస్తువేత్తల కంటే ముందు నిధుల వేటగాడు వచ్చి ఉంటే? కత్తి తీసుకుపోయేవాడు. దువ్వెనను గట్టు మీద పారేసేవాడు. అమ్ముడుపోయేది కత్తి. నిజం చెప్పేది దువ్వెన. ప్రమాదమంతా ఈ రెండు మాటల్లో ఉంది.

ఈ ప్రమాదం ఊహ కాదు. జర్మనీలోని హార్జ్‌హార్న్ కొండ సంగతే చూడండి. 2000 సంవత్సరంలో ఇద్దరు అభిరుచి కొద్దీ అనుమతి లేకుండా అక్కడ డిటెక్టర్లతో వెతికారు. ఇనుప ముక్కలు దొరికాయి. వాటిలో ఒకటి మధ్యయుగపు దీపపు సెమ్మె కాబోలనుకున్నారు. ఎనిమిదేళ్లు అది ఇంట్లోనే ఉంది. 2008లో నిపుణులకు చూపిస్తే అది రోమన్ గుర్రపు గిట్టకు తొడిగే ఇనుప చెప్పని తేలింది. అక్కడ మూడో శతాబ్దంలో, 235 ప్రాంతంలో, చక్రవర్తి మాక్సిమినస్ సేన పెద్ద యుద్ధం చేసింది. రోమన్లు ఆ కాలంలో జర్మనీలో అంత లోపలికి వెళ్లలేదని చాలామంది పండితులు నమ్మేవారు. పాత లాటిన్ గ్రంథంలో ఆ సేన నడిచిన దూరం 300, 400 మైళ్లు అని ఉంటే, రాతపొరపాటని 30, 40గా దిద్దేశారు కూడా. చివరికి నేలే ఆ దిద్దుబాటును కొట్టేసింది.

ఎలా కొట్టేసిందో గమనించండి. నిపుణులు ప్రతి బాణం మొన, యంత్రంతో విసిరిన ప్రతి అమ్ము, ప్రతి చెప్పు మేకు ఉన్న చోటును కొలిచి పటం మీద గుర్తించారు. మొనలు ఏ వైపుకు గుచ్చుకుని ఉన్నాయో చూసి, ఎవరు ఎటు నుంచి కొట్టారో చెప్పగలిగారు. మొనను పీకి జేబులో వేసుకున్న క్షణంలో ఆ దిక్కు పోతుంది. మొన మిగులుతుంది, యుద్ధం పోతుంది.

ఆ ఇద్దరూ చివరికి చూపించారు కాబట్టి సరిపోయింది. చూపించనివాళ్లు ఎందరో.

ఇంగ్లండ్‌లో మరో దెబ్బ తగిలింది. 2010 మే నెలలో కుంబ్రియాలోని క్రాస్బీ గారెట్ దగ్గర ఒక రోమన్ రౌతు శిరస్త్రాణం, మనిషి ముఖం ఆకారంలో ఉన్న ముసుగుతో సహా, 67 ముక్కలుగా దొరికింది. అది కంచుది, ఒంటరి వస్తువు. అందుకని 1996 నాటి నిధుల చట్టం దానికి వర్తించలేదు. పురావస్తువేత్తలు తీరిగ్గా పరిశీలించే లోపే ముక్కలు అతికి, మెరుగుపెట్టి, అక్టోబరులో వేలం వేశారు. దాదాపు 23 లక్షల పౌండ్లు పలికింది. కార్లైల్‌లోని టల్లీ హౌస్ మ్యూజియం జనం దగ్గర చందాలు పోగుచేసి పోటీపడింది. అందలేదు. పేరు చెప్పని ఎవరో కొనుక్కున్నారు. అతికే ముందు ఆ ముక్కల మడతల్లో ఏ గుడ్డ పోగు, ఏ మట్టి అంటుకుని ఉందో ఇక తిరిగి చూడలేం. అలాంటి లొసుగును పూడ్చేలా చట్టం 2023లో మారింది. చేతులు కాలాక పట్టుకున్న ఆకులవి.

తూర్పుకు వెళ్లేకొద్దీ నష్టం పెద్దది. బల్గేరియాలో డాన్యూబ్ ఒడ్డున ఆర్చార్ అనే ఊరి పక్కన రాషియారియా అనే రోమన్ నగరం ఉండేది. సైన్యానికి ఆయుధాలు చేసే ప్రభుత్వ కార్ఖానా అక్కడ ఉండేది. సరిహద్దుకు అటూ ఇటూ ఏ ఆయుధం ఎలా మారిందో చెప్పగల అరుదైన చోటు అది. 1990ల నుంచి దాన్ని బుల్డోజర్లతో దున్నేశారు. ఉద్యోగాలు లేని పల్లె జనం పొట్టకూటి కోసం తవ్వారు. వాళ్లను నిందించడానికి నాకు నోరు రాదు. వాళ్ల చేత తవ్వించింది దూరదేశాల్లో కొనేవాళ్ల డబ్బు.

సిరియాలో యూఫ్రటీస్ ఒడ్డున ఉన్న డ్యూరా యూరోపోస్ కథ ఇంకా బాధాకరం. 256 ప్రాంతంలో ససానియన్ పర్షియన్లు ఆ కోటను ముట్టడించి పట్టుకున్నారు. గోడ కింద సొరంగంలో రోమన్ సైనికులు, ఒక పర్షియన్ యోధుడు పడినచోటే పడి ఉండగా 1930లలో తవ్వకాల్లో దొరికారు. ఇరు సేనల సామగ్రినీ పక్కపక్కన పెట్టి పోల్చగలిగిన చోట్లు లోకంలో చాలా కొద్ది. రోమన్ల పొడవాటి వంపు డాలు, రంగులతో సహా దాదాపు చెక్కుచెదరకుండా దొరికింది అక్కడే. ఇప్పుడది అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం ఆర్ట్ గ్యాలరీలో ఉంది. మరి మిగతా నగరం? అంతర్యుద్ధంలో దొంగతవ్వకాలు విరుచుకుపడ్డాయి. 2014 నాటి ఉపగ్రహ చిత్రాల్లో కోటగోడ లోపల చాలా భాగం గుంతలమయంగా కనిపించింది. సిరియా పురావస్తువుల వ్యాపారాన్ని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2015లో నిషేధించింది. అయినా అక్కడి నుంచి వెళ్లిపోయినవి ఎక్కడో ఒకచోట అమ్మకానికి రాక మానవు.

దొంగతవ్వకంతో పాటు మరో శత్రువు ఉంది. తొందరపాటు శుభ్రత. కొన్ని రోమన్ కత్తుల మీద యుద్ధదేవుడు మార్స్, విజయదేవత బొమ్మలు ఇత్తడితో పొదిగి ఉంటాయి. తుప్పు కింద అవి కంటికి ఆనవు, ఎక్స్‌రేలో కనిపిస్తాయి. ఇనుప బ్రష్‌తో రుద్దితే, నిమ్మరసమో యాసిడో పోస్తే ఆ బొమ్మ పోతుంది. తుప్పులోనే తోలు పట్టీ ఆనవాలు, గుడ్డ నేత గుర్తు నిలిచి ఉంటాయి. ఇంగ్లండ్‌లోని కార్‌బ్రిడ్జ్‌లో 1964లో ఇనుప పట్టీల కొయ్యపెట్టె ఒకటి దొరికింది. అందులోని కవచం ముక్కలను తుప్పుతో సహా ఓపిగ్గా చదివినందువల్లే, రోమన్ పలకల కవచాన్ని ఎలా కూర్చి కట్టుకునేవారో మొదటిసారి సరిగ్గా తెలిసింది. మనకు మురికిగా కనిపించేది నిపుణులకు పుస్తకం. దయచేసి ఆ పుటలు కడగకండి.

మూడో ప్రమాదం అబద్ధం. ఆచూకీ లేని వస్తువుకు ఎవరైనా ఏ కథైనా అంటగట్టొచ్చు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గుస్తాఫ్ కొసినా అనే జర్మన్ పండితుడు వస్తువుల తీరును బట్టి జాతుల హద్దులు గీశాడు. ఆ వాదనను నాజీలు తమ ఆక్రమణలకు వాడుకున్నారు. కత్తి ఒకరిది, చెయ్యి ఇంకొకరిది కావచ్చని ఇల్లెరప్ దువ్వెన చెప్పింది. ఆ దువ్వెనను పారేస్తే కొసినా లాంటి వాదాలకు అడ్డు చెప్పే సాక్షి ఉండదు. ఇది పాత కథే కదా అనుకోకండి. జాతి గర్వం కోసం పాత ఇనుమును సాక్షిగా పిలిచేవాళ్లు ఇప్పుడూ ఉన్నారు.

నాలుగోది నకిలీ. మన దేశంలోనే మీరట్‌లో రోమన్ శిరస్త్రాణాలు, కవచాల నకళ్లు చక్కగా తయారవుతాయి. నకలని చెప్పే అమ్ముతారు, నాటకాలకూ ప్రదర్శనలకూ విదేశాలకు వెళ్తాయి. అందులో తప్పేమీ లేదు. కానీ ఎక్కడి నకలైనా సరే, కొన్ని నెలలు తడి మట్టిలో పాతిపెట్టి, రసాయనం పూసి, అసలుదని అమ్మే మోసగాళ్లకు కొదవ లేదు. పోయేది మీ కష్టార్జితం.

ఐదోది ప్రాణానికే ముప్పు. ఫ్రాన్స్, బెల్జియం, జర్మనీ నేలల్లో రెండు ప్రపంచ యుద్ధాల నాటి పేలని గుండ్లు నేటికీ దొరుకుతూనే ఉన్నాయి. డిటెక్టర్ కూతకు రోమన్ ఇనుమూ ఒకటే, బాంబూ ఒకటే. పారతో పొడిచేది ఏదో తెలియకుండా పొడవకండి.

కాబట్టి ఈ గుర్తులు కనిపెట్టి ఉండండి. వస్తువు ఎక్కడ దొరికిందో చెప్పకుండా "డాన్యూబ్ ప్రాంతం", "బాల్కన్ ప్రాంతం" అని గాలికి వదిలేస్తే అనుమానించండి. "పాత సేకరణలోది" అంటారు, ఏ ఏడాదిది, ఎవరిది అంటే కాగితం ఉండదు. ఫొటోలో ఇంకా పచ్చి మట్టి అంటుకుని ఉంటుంది. ఒకే ఒరకు చెందిన బిగింపులను విడదీసి విడివిడిగా అమ్ముతారు. చెప్పు మేకులను కిలోల లెక్కన పోస్తారు. ధర మరీ తక్కువ, తొందర మరీ ఎక్కువ. వీటిలో ఒక్కటి కనబడినా ఫోన్ పక్కన పెట్టేయండి.

చట్టం కూడా తెలుసుకోండి. ఇంగ్లండ్‌లో భూమి యజమాని ఒప్పుకోనిదే వెతకకూడదు. నిధి కిందికి వచ్చేది దొరికితే 14 రోజుల్లో కరోనర్ అనే అధికారికి చెప్పాలి. ఫ్రాన్స్‌లో పురావస్తువుల కోసం అనుమతి లేకుండా డిటెక్టర్ వాడటం 1989 నుంచి నిషిద్ధం. జర్మనీలో ఆయా రాష్ట్రాల అనుమతి కావాలి. యూరోపియన్ యూనియన్‌లోకి పాత సాంస్కృతిక వస్తువులు తేవడానికి 2025 జూన్ 28 నుంచి కొత్త కట్టుబాట్లు అమల్లోకి వచ్చాయి. తెలియక చేశామంటే అధికారులు వినరు. పరాయి దేశంలో కేసులో ఇరుక్కుంటే వీసా, ఉద్యోగం, పరువు అన్నీ దానితో పోతాయి. పిల్లలకు ముందే చెప్పండి.

డిటెక్టర్ పట్టుకున్న ప్రతివాడూ దొంగ అనడం లేదు. 1987లో టోనీ క్లన్ అనే బ్రిటిష్ సైనికాధికారి జర్మనీలోని కాల్‌క్రీజ దగ్గర వెతికే ముందు స్థానిక పురావస్తువేత్త వోల్ఫ్‌గాంగ్ ష్లూటర్‌ను కలిశాడు. దొరికినవి ఎప్పటికప్పుడు ఆయనకు అప్పగించాడు. క్రీస్తు శకం 9లో మూడు రోమన్ లెజియన్లు, అంటే పెద్ద సేనా దళాలు, తుడిచిపెట్టుకుపోయిన యుద్ధరంగం అదేనని చాలామంది పండితులు ఒప్పుకోవడానికి దారి అలా పడింది. 2018లో అక్కడే ఒక పలకల కవచం కనబడితే, మట్టిగడ్డ మొత్తాన్ని అలాగే ఎత్తి సీటీ స్కాన్ తీశారు. కవచం దగ్గరే మెడను, చేతులను కలిపి బిగించే ఇనుప సంకెల ఉంది. ఆ సైనికుడు బందీగా చిక్కాడేమో అన్న ఆలోచన అలా వచ్చింది. అదే కవచాన్ని ఎవరైనా పారతో పెళ్లగించి ఉంటే, సంకెల ఎక్కడో తుక్కులో కలిసిపోయేది.

మన ఇంటి సంగతీ చెప్పాలి. రోమ్‌తో వ్యాపారం చేసిన గడ్డ మనది. నాగార్జునకొండలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. తెలంగాణలోని కొండాపూర్‌లో రోమన్ నాణేలను చూసి మట్టితో చేసిన బిళ్లలు దొరికాయి. నాగార్జునకొండ శిల్పాల్లో శకుల వేషంలో ఒక సైనికుడు ఉన్నాడు. తలకు టోపీ, ఒంటి మీద మందపాటి అంగీ, చేతిలో బల్లెం. పరాయి దండు వేషం కృష్ణ ఒడ్డు దాకా ఎలా వచ్చిందో ఆ రాయి అడుగుతోంది. డ్యామ్ నీళ్లు ముంచెత్తక ముందే, 1954 నుంచి 1960 వరకు, ఆ లోయను తవ్వి, కొలిచి, రాసి పెట్టారు కాబట్టే ఈ మాత్రమైనా మనకు తెలుసు. అది మన నేలకు జరిగిన మంచి పంచనామా.

అలాంటి గడ్డ మీద లంకెబిందెల కోసం గుళ్ల కింద, గుట్టల మీద రాత్రిపూట గుంతలు తవ్వుతున్నారు. విగ్రహాలు పగులుతున్నాయి. శాసనాలు ముక్కలవుతున్నాయి. పది రూపాయలకు మించిన నిధి ఏది దొరికినా కలెక్టర్‌కు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. నూరేళ్లు దాటిన పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదని 1972 చట్టం చెబుతోంది. బల్గేరియాలో బుల్డోజర్, మన ఊళ్లో గునపం. పోయే సాక్ష్యం ఒకటే.

నేల కూడా ఇప్పుడు మన వైపు లేదు. బ్రిటన్‌లో హేడ్రియన్ గోడ దగ్గరి విండొలాండా, మాగ్నా అనే రోమన్ కోటల్లో గాలి సోకని తడి మట్టి తోలు చెప్పులను, కొయ్యను ఇన్నాళ్లూ కాపాడింది. వేడి పెరిగి ఆ మట్టి ఎండిపోతోందన్న బెంగతో మాగ్నాలో 2023లో తవ్వకాలు మొదలుపెట్టారు. ఆరిన మట్టిలో తోలు నిలవదు. అక్కడ తొందరపడాల్సింది శిక్షణ ఉన్నవాళ్లు. ఆగాల్సింది మనం.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. కాగితాలు లేని పాత ఆయుధాన్ని కొనకండి. స్నేహితులు కొంటుంటే ఆపండి. ఏదైనా కంటపడితే ఉన్నచోటే ఫొటో తీయండి, చోటు గుర్తు పెట్టుకోండి, దగ్గరలోని మ్యూజియానికో పురావస్తు శాఖకో ఫోన్ చేయండి. మన ఊళ్లో అయితే తహసీల్దార్‌కు చెప్పండి. ఇప్పటికే ఇంట్లో ఏదైనా ఉంటే భయపడి దాచకండి, పారేయకండి. ఎక్కడిదో, ఎప్పుడు వచ్చిందో గుర్తున్నంత వరకు కాగితం మీద రాసి, తెలిసినవాళ్లకు చూపించండి. ఆలస్యంగా చెప్పిన సాక్ష్యం కూడా సాక్ష్యమే. హార్జ్‌హార్న్ బయటపడింది ఎనిమిదేళ్ల ఆలస్యం తర్వాతే.

ఆ కత్తి దాదాపు రెండు వేల ఏళ్లు మట్టిలో ఓపిగ్గా పడి ఉంది. మీరు చేసే ఒక్క ఫోన్‌కు నిపుణులు వచ్చేదాకా, ఇంకో నాలుగు రోజులు ఉండగలదు. పక్కనే ఎక్కడో ఒక దువ్వెన ఉంటుంది. దాన్ని కూడా వాళ్లు చూడాలి. దయచేసి అంతవరకు కదపకండి.